చెరువుల శాటిలైట్ డేటా 12 టీబీ ఉంది, పదిహేనేండ్లు క్లౌడ్‌ల దాచాలె: ఏది పెట్టాలె, ఏది వదిలెయ్యాలె

మీ ప్రశ్న నాకు అర్థమైనంతల ఇది. హన్మకొండల పీహెచ్‌డీ ఆఖరికి వచ్చింది, నర్సంపేట, ములుగు దిక్కు చెరువులల్ల మిషన్ కాకతీయకు ముందు, తర్వాత నీళ్లు, ఆయకట్టు ఎట్ల మారినయో అనేది మీ పని. ఆరు ఎక్స్‌టర్నల్ డిస్కులల్ల కలిపి 12 టీబీ ఉంది: ల్యాండ్‌శాట్ (అమెరికా శాటిలైట్లు), సెంటినెల్-1 (యూరప్ వాళ్ల రాడార్, మబ్బులున్నా నేల కనపడతది), సెంటినెల్-2 (యూరప్ వాళ్లదే, మామూలు వెలుతురుల ఫొటో తీసే ఆప్టికల్), మూడు చెరువుల డ్రోన్ సర్వే, ఊర్లల్ల తిరిగి రాసుకున్న రీడింగులు. ప్రాజెక్టు పైసలు మార్చితోని అయిపోతయి. గైడ్ సార్ ఏమో మొత్తం క్లౌడ్‌ల పెట్టు, పదిహేనేండ్ల తర్వాత వచ్చే పిల్లలకు గూడ దొరకాలె అన్నరు. ఏ క్లౌడ్, నెలకు ఎంత పడతది, ఏ ఫార్మాట్ అని అడుగుతున్నరు.

ముందుగాల జవాబు: 12 టీబీ మొత్తం ఎక్కించకండి. అందుల మీ దగ్గర తప్ప ఇంకెక్కడ దొరకనిది ఏదో దాన్ని వేరు చేయండి. మీరు చెప్పిన లెక్కను బట్టి అది రెండు టీబీ దాటదు. దాన్ని మన దేశంల ఉన్న క్లౌడ్ రీజియన్‌ల (అంటే ఇక్కడి డేటా సెంటర్లల్ల) చౌక ఆర్కైవ్ క్లాసుల (ఎప్పుడో ఒకసారి తెరిచే డేటా కోసం ఉండే స్టోరేజిల) పెట్టండి, ఇంకో కాపీ డిస్కు మీద వేరే బిల్డింగుల పెట్టండి. మిగతా పది టీబీకి ఒక లిస్టు, దాంతోపాటు మీరు నిజంగ వాడిన ముక్కలు కట్ చేసి పెడితే చాలు. ఏ కంపెనీ క్లౌడ్ అన్నది దీని తర్వాత వచ్చే ప్రశ్న, అది పెద్ద ప్రశ్న గూడ కాదు.

నేను శాటిలైట్ డేటా దాచే పనిల చానా ఏండ్ల నుంచి ఉన్న, సర్కారు ప్రాజెక్టులకు, కాలేజీ ల్యాబులకు ఆర్కైవులు పెట్టించిన. దాదాపు అందరు మీ గైడ్ సార్ చెప్పినట్టే మొదలుపెడతరు, మొత్తం పెడదాం తర్వాత చూద్దాం అని. ఆ తర్వాత చూసేటోళ్లు ఎవ్వరు ఉండరు. కల్లంల వడ్లన్ని ఒక్క తీరే కనిపిస్తయి గానీ విత్తనానికి మాత్రం వేరే తీసి పెట్టుకుంటం గదా, ఇక్కడ గూడ గదే పని.

ఇగ ఎందుకో చెప్త. ల్యాండ్‌శాట్ డేటా 1972 నుంచి ఉంది, అమెరికా జియలాజికల్ సర్వే వాళ్లు సూ ఫాల్స్ దగ్గర ఈరోస్ సెంటర్‌ల దాచుతున్నరు, 2008ల ఫ్రీ చేసిన్రు, ఇప్పుడు కలెక్షన్-2 (మల్ల ప్రాసెస్ చేసిన కొత్త వెర్షన్) మొత్తం అమెజాన్ క్లౌడ్‌ల గూడ ఉంది. సెంటినెల్ డేటా యూరప్ వాళ్ల కోపర్నికస్ డేటా స్పేస్ పోర్టల్‌ల ఉంది. మన రిసోర్స్‌శాట్ లాంటివి కావాలంటే ఇస్రో కింది ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల భూనిధి పోర్టల్ ఉంది, 2023 స్పేస్ పాలసీ వచ్చినంక 5 మీటర్లు, అంతకంటే ముతక రిజల్యూషన్ డేటా ఫ్రీ. వీళ్లందరు వందల కోట్లు పెట్టి, రెండు మూడు చోట్ల కాపీలు పెట్టి, మనుషులను పెట్టి కాపాడుతున్నరు. అదే ఫైలు మీరు మల్ల పైసలు పెట్టి పదిహేనేండ్లు దాస్తే ఎవ్వరికి లాభం లేదు. ముందుముందు ఇది ఇంకా పెరుగుతది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి పోయిన నైసార్ (నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్ శాటిలైట్) ఒక్కటే రోజుకు 80 టెరాబైట్ల దాకా డేటా ఇస్తదని నాసా లెక్క, అది నేరుగ క్లౌడ్‌లకే పోతది. డౌన్‌లోడ్ చేసి డిస్కుల పెట్టుకునే అలవాటు దాని ముందు నిలవదు.

కానీ ఇక్కడ ఒక పెద్ద "కానీ" ఉంది, చానామంది దీని దగ్గరనే దెబ్బ తింటరు. వాళ్ల దగ్గర అదే తారీఖు సీను ఉంటది, మీరు వాడిన అదే ఫైలు ఉండకపోవచ్చు. ఎందుకంటే వాళ్లు మల్ల మల్ల ప్రాసెస్ చేసి పాతది తీసేసి కొత్తది పెడతరు. ల్యాండ్‌శాట్ కలెక్షన్-1 మీద ఎంతోమంది థీసిస్‌లు రాసిన్రు, 2020 డిసెంబర్‌ల కలెక్షన్-2 వచ్చింది, తర్వాత కలెక్షన్-1ను తీసేసిన్రు. సెంటినెల్-2 పాత బేస్‌లైన్ (ప్రాసెసింగ్ వెర్షన్) ఫైళ్లను గూడ మల్ల ప్రాసెస్ చేసి కలెక్షన్-1 అనే పేరుతోని పెడుతున్నరు, ల్యాండ్‌శాట్ కలెక్షన్-1 వేరే, ఇది వేరే. కొత్తవి మంచివే, జియోమెట్రీ బాగుపడ్డది, కాదనను. కానీ మీ థీసిస్‌ల టేబుల్ ఏ ఫైలు మీద వచ్చిందో ఆ ఫైలు పోయింది.

దీంట్ల ఒక ముచ్చట దగ్గరనుంచి చెప్త, మీకు గూడ పనికొస్తది. ఒక స్కాలర్ వచ్చి, 2022 యాసంగిల తన చెరువు కింది ఆయకట్టు పచ్చదనం ఒక్కసారే పడిపోయింది, నీళ్లేమో నిండుగ ఉన్నయి, రైతులను అడిగితే పంట బాగనే వచ్చిందన్నరు, ఇది ఎట్ల అని అడిగిండు. గ్రాఫ్ చూస్తే జనవరి ఆఖరు నుంచి మెట్టు దిగినట్టు దిగింది. కారణం పొలంల లేదు, ఫైలుల ఉంది. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 ప్రాసెసింగ్ బేస్‌లైన్ 04.00 అయింది, అప్పటి నుంచి ప్రతి పిక్సెల్ నంబర్‌కు 1000 కలిపి ఇస్తున్నరు, మనం రిఫ్లెక్టెన్స్ (నేల ఎంత వెలుగును వాపస్ పంపిందో) తీసేటప్పుడు ఆ 1000 తీసేసి తర్వాత 10000తోని భాగించాలె. తీయకపోతే ఏమైతదో మీరే లెక్క వేసి చూడండి. బాగ పచ్చగున్న వరి మీద నియర్ ఇన్‌ఫ్రారెడ్ 3000, రెడ్ 500 అనుకోండి, ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక, రెండిటి తేడాను రెండిటి మొత్తంతోని భాగిస్తే వచ్చేది) 2500 బై 3500, అంటే 0.71. అదే పొలం, అదే రోజు, రెండిటికి వెయ్యి కలిస్తే 4000, 1500 అయితయి, ఎన్‌డీవీఐ 2500 బై 5500, అంటే 0.45. పైన తేడా అట్లనే ఉంటది, కింద మొత్తం పెరుగుతది, అందుకనే పడిపోయినట్టు కనిపిస్తది. ఆ పిల్లగాడి దగ్గర ఫైళ్లు ఉన్నయి గానీ పేర్లు మార్చి "నర్సంపేట_జనవరి_1" అని పెట్టుకున్నడు, ఏ బేస్‌లైనో తెలిసే ఎక్స్ఎంఎల్ ఫైలును స్థలం తింటున్నదని తీసేసిండు. అందుకని ఆ దారి కనుక్కోవడానికి మస్తు టైం పట్టింది. అసలు పేరు ఉంచుకుంటే ఆ పేరుల "ఎన్0400" అని రాసే ఉంటది, నిమిషంల తెలిసిపోయేది.

కాబట్టి ఆ పది టీబీ విషయంల మీరు చేయాల్సింది మూడు. ఒకటి, వాడిన ప్రతి ప్రొడక్టు అసలు పూర్తి పేరు, ఎక్కడ నుంచి ఏ తారీఖున దించుకున్నరు, బేస్‌లైన్ లేదా కలెక్షన్ నంబర్, చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే కోడ్), ఇవన్ని ఒక సీఎస్‌వీ ఫైలుల (మామూలు టెక్స్ట్ టేబుల్). రెండు, వాటి మెటాడేటా ఎక్స్ఎంఎల్ ఫైళ్లు, అవి చిన్నవే, అన్ని పెట్టండి. మూడు, మీ చెరువు, ఆయకట్టు వరకు కట్ చేసిన ముక్కలు, వాడిన బ్యాండ్‌లు, మబ్బు పిక్సెళ్లను చూపించే మాస్క్‌తోని సహా. సెంటినెల్-2 టైల్ ఒక్కోటి దాదాపు 110 కిలోమీటర్ల చదరం. నర్సంపేట 44క్యూఎల్ఈ టైల్‌ల పడితే ములుగు, రామప్ప దానిపైన 44క్యూఎల్ఎఫ్‌ల పడతయి. ఒక చెరువు చుట్టు 10 కిలోమీటర్ల చదరం కట్ చేస్తే టైల్‌ల నూట ఇరవయ్యో వంతే. జీబీల లెక్క ఎంబీలకు వస్తది. మీ థీసిస్ మీద రేపు ఎవరన్న ప్రశ్న వేస్తే ఆ ముక్కలే జవాబు చెప్తయి.

కట్ చేసేటప్పుడు మబ్బులున్న సీన్లు పారెయ్యకండి. వానాకాలంల మన దగ్గర 60, 70 శాతం మబ్బు ఉన్న సీనుల గూడ మీ చెరువు మీద మాత్రం కిటికీ తెరిచినట్టు ఖాళీ దొరికిన రోజులుంటయి. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఆప్టికల్ డేటా అసలే తక్కువ, ఉన్న నాలుగు పిక్సెళ్లు గూడ ఎందుకు పోగొట్టుకోవాలె. టైల్ మొత్తం మీద మబ్బు శాతం చూసి తీసేసే అలవాటు వేరే పనులకు సరే, చెరువుల పనికి కాదు.

ఇగ అసలు విలువైన రెండు టీబీ దగ్గరికి వద్దాం.

డ్రోన్ డేటాల ఒరిజినల్ ఫొటోలు, వాటిల ఉండే జీపీఎస్ ట్యాగులు, నేల మీద పెట్టిన కంట్రోల్ పాయింట్ల రీడింగులు, ఆర్‌టీకే (సెంటీమీటర్ల కచ్చితత్వం ఇచ్చే జీపీఎస్ పద్ధతి) బేస్ లాగులు, కెమెరా క్యాలిబ్రేషన్, ఇవి తప్పక పెట్టాలె. తయారైన ఆర్థోమొజాయిక్ (ఫొటోలన్ని సరిచేసి కలిపిన మ్యాపు), ఎత్తుల మోడల్ పెట్టాలె. మధ్యల సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రాజెక్టు ఫైళ్లు, పాయింట్ క్లౌడ్ తాత్కాలిక ఫోల్డర్లు వదిలెయ్యండి, సగం స్థలం అవే తింటయి, ఐదేండ్ల తర్వాత వచ్చే సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ల అవి తెరుచుకోకపోవచ్చు గూడ. ఒరిజినల్ ఫొటోలు ఉంటే మల్ల తయారుచేసుకోవచ్చు, అప్పటికి ఇంతకంటే మంచిగనే వస్తది.

ఎందుకు ఇంత గట్టిగ చెప్తున్ననంటే చెరువు అడుగు ఎప్పుడు పడితే అప్పుడు కనపడదు. మన భద్రకాళి చెరువునే చూడండి, 2024 నవంబర్‌ల పూడిక తీయనీకి నీళ్లు మొత్తం వదిలిన్రు. ఆ కొన్ని నెలలల్ల అడుగు తేలినప్పుడు ఎవరన్న డ్రోన్ ఎగరేసి ఎత్తులు తీసుకొని ఉంటే ఆ డేటాకు రెండో కాపీ ఏ శాటిలైట్ ఇవ్వలేదు. మీ మూడు చెరువులల్ల గూడ పూడిక తీసినప్పుడో, ఎండాకాలం అడుగంటినప్పుడో తీసినవి ఉంటే వాటిని అన్నిటికంటే ముందు ఎక్కించండి.

ఊర్లల్ల రాసుకున్న రీడింగులు గూడ అంతే, సైజు చూస్తే ఐదారు ఎంబీ ఉంటయి గానీ మీ 12 టీబీల అవే ప్రాణం. 2023 జులై 27 వానకు వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డది, భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి ఊరే మునిగింది. ఆ టైంల సెంటినెల్-1బీ చెడిపోయి ఉంది, 2021 డిసెంబర్‌లనే ఆగిపోయింది, అంటే మనకు మిగిలింది 1ఏ ఒక్కటే, అది అదే దారిల మల్ల రానీకి 12 రోజులు. వరద నీళ్లు ఆగేది ఒకటి రెండు రోజులు. అసొంటప్పుడు నీళ్లు ఏ ఇంటి గోడ మీద ఎంత ఎత్తు దాకా వచ్చినయో టేపు పెట్టి కొలిచి, లొకేషన్‌తోని ఫొటో తీసినోళ్లు ఉంటే, ముందుముందు వచ్చే ఏ వరద మోడల్‌కైనా సరిచూసుకునే ఆధారం అదే. మీ దగ్గర అసొంటివి ఉంటే నోట్‌బుక్ పేజీలను గూడ స్కాన్ చేసి పెట్టండి, టైప్ చేసిన షీట్ ఒక్కటే చాలదు.

ఊరి పేర్లు, జిల్లా పేర్ల సంగతి మీరు తప్పకుండ చూడాలె. షేప్‌ఫైల్‌ల (పాత మ్యాపు ఫైల్ ఫార్మాట్) కాలమ్ పేరుకు పది అక్షరాలే పడతయి, తెలుగుల రాసిన ఊరి పేర్లు ఎన్‌కోడింగ్ ఫైలు తప్పిపోతే మొత్తం ప్రశ్న గుర్తులు అయితయి. అందుకని జియోప్యాకేజీ అనే కొత్త మ్యాపు ఫార్మాట్‌ల పెట్టండి, పక్కన యూటీఎఫ్-8 సీఎస్‌వీ ఒకటి. ఇంకా ముఖ్యమైంది, "వరంగల్ జిల్లా" అని ఒక్క మాట రాసి పెడితే పదిహేనేండ్ల తర్వాత చూసేటోళ్లకు ఏం అర్థం కావాలె? 2016 అక్టోబర్ 11 కంటే ముందు రాస్తే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు అన్ని అందుల్నే. ఆ తర్వాత అర్బన్, రూరల్ అని రెండు. 2019 ఫిబ్రవరిల భూపాలపల్లి నుంచి ములుగు వేరే జిల్లా అయింది. 2021ల అర్బన్ హన్మకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అంటే ఒకే పేరు మూడు రకాల హద్దులకు వాడినం. మీ పని ల్యాండ్‌శాట్-5 కాలం నుంచి ఇప్పటి దాకా ఉంది గనుక ప్రతి టేబుల్‌ల ఏ తారీఖు హద్దులో రాయండి, పేరుతోపాటు లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ (సర్కారు ఊర్లకు, జిల్లాలకు ఇచ్చిన నంబర్ల లిస్టు) కోడ్ పెట్టండి, ఆ హద్దుల ఫైలును గూడ ఆర్కైవ్‌లనే పెట్టండి. మీకు ఇప్పుడు ఇదంత తెలిసిన సంగతే అనిపిస్తది, దాచేది మీకోసం కాదు గదా.

ఎప్పుడు ఎవరికి దేనికి పనికొస్తదో మనకు ఇప్పుడు తెల్వది. 1964ల నింబస్-1 శాటిలైట్ ధ్రువాల మీద తీసిన చిత్రాలు ఫిల్మ్ డబ్బాలల్ల పడి ఉన్నయి, వాతావరణం కోసం తీసినవి, పని ఒడ్సిపోయింది. దాదాపు యాభై ఏండ్లకు అమెరికాల నేషనల్ స్నో అండ్ ఐస్ డేటా సెంటర్ వాళ్లు వాటిని స్కాన్ చేసి అప్పుడు సముద్రం మీద మంచు ఎంత దూరం ఉండెనో లెక్క తీసిన్రు. ల్యాండ్‌శాట్ పాత సీన్లు గూడ చానా ఆయా దేశాల గ్రౌండ్ స్టేషన్లల్లనే టేపుల మీద ఉండిపోయినయి, 2010 నుంచి వాటిని ఒక్కొక్క దేశం నుంచి తెప్పించి ఈరోస్‌ల కలుపుతున్నరు. కొన్ని టేపులు చదివే మిషిన్లే లేకుండ పోయినయి. మీ డిస్కులు గూడ అంతే, టేబుల్ సొరుగుల పదిహేనేండ్లు పెట్టి మల్ల తిరుగుతయి అని నమ్మకం పెట్టుకోవద్దు. ఎస్ఎస్‌డీ అయితే అసలే వద్దు, కరెంటు లేకుండ ఏండ్లకేండ్లు పెట్టేదానికి అది చేసింది కాదు.

ఖర్చు సంగతి. అమెజాన్ క్లౌడ్ స్టోరేజి ఎస్3 అమెరికా రేట్ల ప్రకారం చెప్త, పోల్చుకోనీకి సులువు, మన ముంబై, హైదరాబాద్ రీజియన్ల రేట్లు వేరే ఉంటయి, కాలిక్యులేటర్‌ల వేసుకొని చూడండి. మామూలు స్టాండర్డ్ క్లాసుల జీబీకి నెలకు 0.023 డాలర్, అంటే 12 టీబీకి నెలకు 276 డాలర్ల దాకా. అన్నిటికంటే చౌక క్లాసు గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌ల టీబీకి నెలకు ఇంచుమించు ఒక డాలర్, అంటే 12 టీబీకి 12 డాలర్లు. ఇది చూసి అందరు సంబరపడి మొత్తం ఎక్కిస్తరు. తీసుకునేటప్పటి బిల్లు ఎవ్వరు చూడరు. క్లౌడ్ నుంచి ఇంటర్నెట్ మీద బయటికి తెచ్చుకోనీకి జీబీకి 0.09 డాలర్, ముంబై నుంచి 0.11 దాకా. ఆ 12 టీబీ ఒక్కసారి దించుకుంటే వెయ్యి డాలర్ల పైన. అంటే ఏడేండ్ల కిరాయి కంటే ఎక్కువ ఒక్క రోజుల. ప్రాజెక్టు అయిపోయినంక ఆ వెయ్యి డాలర్లు ఏ హెడ్ కింద శాంక్షన్ చేయిస్తరు? చేయించలేరు, అంటే డేటా ఉండి గూడ లేనట్టే. అదే రెండు టీబీ అయితే ఆ అమెరికా రేటుల పదిహేనేండ్లకు 360 డాలర్లు, ఒక్కసారి మొత్తం దించుకోవాలంటే రెండు వందల చిల్లర. ఇది ఏ డిపార్ట్‌మెంటైన భరిస్తది.

ఇంకొన్ని షరతులు గూడ తెలుసుకోండి. డీప్ ఆర్కైవ్‌ల ఫైలు అడిగితే వెంటనే రాదు, 12 గంటలు, చౌక పద్ధతిల 48 గంటల దాకా పడతది. 180 రోజులకంటే ముందు తీసేసినా 180 రోజుల పైసలు కట్టాలె. మైక్రోసాఫ్ట్ అజూర్ ఆర్కైవ్ గూడ 180 రోజులు, గూగుల్ ఆర్కైవ్ క్లాసు 365 రోజులు, కానీ గూగుల్ దాంట్ల ఫైలు వెంటనే తెరుచుకుంటది, దానికి బదులు తీసేటప్పుడు చార్జీ గట్టిగనే ఉంటది. మూడిట్ల ఏదైన నడుస్తది, మీ యూనివర్సిటీకి ఇప్పటికే దేనితోని అగ్రిమెంటు ఉందో దాంట్లకే పోండి, బిల్లు కట్టే దారి ఉన్న క్లౌడే మీకు మంచి క్లౌడ్.

చిన్న ఫైళ్ల గోల ఒకటుంది. డీప్ ఆర్కైవ్‌ల ప్రతి ఫైలుకు పైనుంచి 40 కేబీ అదనం లెక్క కడతరు, ఎక్కించేటప్పుడు ప్రతి వెయ్యి రిక్వెస్టులకు 0.05 డాలర్. మీ కట్ చేసిన ముక్కలు, ఎక్స్ఎంఎల్‌లు, డ్రోన్ ఫొటోలు కలిపితే లక్షల ఫైళ్లు అయితయి. అందుకని టార్ ఫైళ్లుగ కట్టండి, అట్లని మొత్తం ఒక్కటే మూట కడితే రేపు ఒక్క ఫొటో కోసం మొత్తం దించాలె. ఒక చెరువు ఒక సంవత్సరానికి ఒక టార్, 10 నుంచి 50 జీబీ మధ్యల ఉండేటట్టు చూసుకోండి. ఏ టార్‌ల ఏ ఫైలు ఉందో చెప్పే లిస్టు, ప్రతి ఫైలు ఎస్‌హెచ్ఏ-256 చెక్‌సమ్, చిన్న సైజు ప్రివ్యూ బొమ్మలు, ఒక రీడ్‌మీ, ఇవి మాత్రం స్టాండర్డ్ క్లాసుల పెట్టండి, ఎప్పుడైన వెంటనే తెరవనీకి రావాలె. ఎస్3 ప్రతి ఫైలుకు చూపించే ఈట్యాగ్ కోడ్‌ను చెక్‌సమ్ అనుకోకండి, పెద్ద ఫైలు ముక్కలుగ ఎక్కినప్పుడు అది ఆ ఫైలు ఎండీ5 చెక్‌సమ్‌తోని కలవదు. ఎక్కించినంక వెంటనే డీప్ ఆర్కైవ్‌కు పంపకండి, ముందు స్టాండర్డ్‌లనే ఉంచి చెక్‌సమ్‌లు సరిచూసి, ఒకటి రెండు టార్‌లు విప్పి క్యూజీఐఎస్ మ్యాపు సాఫ్ట్‌వేర్‌ల తెరిచి, సంతృప్తి అయినంక నెల తర్వాత లైఫ్‌సైకిల్ రూల్‌తోని (ఫైళ్ల క్లాసును తనంతట తనే మార్చే సెట్టింగ్) పంపండి.

ఫార్మాట్ గురించి ఎక్కువ ఆలోచించకండి. రాస్టర్లకు (పిక్సెళ్ల బొమ్మలకు) క్లౌడ్ ఆప్టిమైజ్డ్ జియోటిఫ్, డిఫ్లేట్ కంప్రెషన్, నష్టం లేనిది. జేపెగ్ కంప్రెషన్ మల్టీస్పెక్ట్రల్ మీద అస్సలు వాడొద్దు, పిక్సెల్ నంబర్లు మారిపోతయి. వెక్టర్లకు (హద్దులు, పాయింట్లకు) జియోప్యాకేజీ. కేటలాగ్ కోసం స్టాక్ (శాటిలైట్ డేటా లిస్టులు రాసే అందరి పద్ధతి) ప్రకారం జేసన్ ఫైళ్లు రాసుకుంటే తర్వాత వెతుక్కోనీకి అలవాటైన టూల్స్ అన్ని పనిచేస్తయి. కోడ్ ఉంటే ఏ పైథాన్, ఏ లైబ్రరీ వెర్షన్లో రాసి పెట్టండి. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌ల చేసిన పని ఉంటే స్క్రిప్టును బయటికి తీసి టెక్స్ట్‌గ పెట్టండి, కలెక్షన్ పేరు పూర్తిగ రాయండి, సెంటినెల్-2కు హార్మొనైజ్డ్ కలెక్షన్ (పైన చెప్పిన ఆ 1000 తేడాను సరిచేసింది) వాడిన్రా లేదా అన్నది తప్పక.

డ్రోన్ డేటా దేశం దాటించకండి. 2021 ఫిబ్రవరి జియోస్పేషియల్ గైడ్‌లైన్స్ ప్రకారం పొడవు వెడల్పుల ఒక మీటర్, ఎత్తుల మూడు మీటర్ల కంటే సూక్ష్మమైన కచ్చితత్వం ఉన్న డేటా ఇక్కడి సంస్థల దగ్గరనే ఉండాలె, మన దేశంలనే దాచాలె, ఇక్కడనే ప్రాసెస్ చేయాలె. మీ ఆర్‌టీకే ఆర్థో సెంటీమీటర్లల్ల ఉంటది. అందుకనే మన దేశంల రీజియన్ అని మొదట్లనే చెప్పిన, అంటే ముంబై లేదా హైదరాబాద్, బకెట్ (క్లౌడ్‌ల ఫైళ్లు పెట్టే చోటు) తెరిచేటప్పుడు అమెరికా డిఫాల్ట్‌గ వస్తే మార్చుకోండి. 10 మీటర్లు, 30 మీటర్ల నుంచి మీరు తయారుచేసిన ఫైనల్ మ్యాపులు, సీఎస్‌వీలు, కోడ్ మాత్రం జెనోడోల పెట్టుకోవచ్చు, సెర్న్ వాళ్లు నడుపుతరు, రికార్డుకు 50 జీబీ దాకా ఫ్రీ, డీఓఐ (డేటాకు మారని శాశ్వత నంబర్) వస్తది, అది థీసిస్‌ల రాసుకోవచ్చు. సీఎస్‌వీలల్ల రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు ఉంటే తీసేసినంకనే పెట్టండి. పైసలిచ్చి కొన్న హై రిజల్యూషన్ ఇమేజీలు ఏమన్న ఉంటే లైసెన్సుల దాచనీకి, పంచనీకి ఏం రాసి ఉందో చదవండి.

ఆఖరు సంగతి, నా అనుభవంల ఆర్కైవులు పోయింది ఎక్కువ దీనివల్లనే. అకౌంట్ ఎవరి పేరు మీద ఉంది? ఒక కాలేజీల చూసిన, ఏండ్ల కొద్ది మైనింగ్ సర్వే డేటా, చక్కగ చెక్‌సమ్‌లతోని, రెండు రీజియన్లల్ల కాపీలు. అకౌంట్ ఏమో ఒక స్కాలర్ సొంత మెయిల్ మీద, ఓటీపీ ఆయన ఫోన్‌కు, కార్డు రిటైరయ్యే సార్‌ది. స్కాలర్ ఉద్యోగానికి వేరే దేశం పోయిండు, కార్డు గడువు తీరింది, రిమైండర్ మెయిళ్లు ఎవ్వరు చూడని డబ్బాకు పోయినయి, కొన్ని నెలలకు అకౌంట్ మూసేసిన్రు, డేటా పోయింది. టెక్నికల్‌గ ఒక్క తప్పు లేదు అందుల. కాబట్టి అకౌంట్ డిపార్ట్‌మెంట్ మెయిల్ మీద తెరవండి, మనిషి పేరు కాకుండ పదవి పేరుతోని ఉండే మెయిల్. రెండో స్టెప్ వెరిఫికేషన్‌కు హార్డ్‌వేర్ కీ కొని ఆఫీసుల రిజిస్టర్ చేసి పెట్టండి. బిల్లు ప్రాజెక్టు హెడ్ నుంచి కాకుండ లైబ్రరీ లేదా కంప్యూటర్ సెంటర్ ఏటా కట్టే ఖర్చుల కలిపించండి, మార్చి లోపల అయ్యే పని ఇదే ఒకటి గట్టిగ తిరగాల్సింది. బకెట్‌కు వెర్షనింగ్ (పాత కాపీలు ఉంచేది), ఆబ్జెక్ట్ లాక్ (చెరపకుండ తాళం వేసేది) పెట్టించండి, ఎవరన్న పొరపాటున డిలీట్ కొట్టినా పోవద్దు. ఏడాదికోసారి ఒక టార్ తెప్పించి తెరిచి చూసి రిజిస్టర్‌ల సంతకం పెట్టే బాధ్యత ఎవరిదో పేరు రాయించండి, ఇది కాగితం మీద లేకపోతే జరగదు.

మీరు వెంటనే చేయాల్సింది ఆరు డిస్కుల ఫైల్ లిస్టులు తీయడం, సైజులు, తారీఖులతోని. డ్రోన్ ఫోల్డర్లల్ల ఆర్‌టీకే బేస్ లాగులు ఉన్నయా లేవా చూడండి. లేకపోతే సర్వే చేసిన వాళ్ల ల్యాప్‌టాప్‌లల్ల ఇంకా ఉండొచ్చు, వాళ్లు ఫార్మాట్ కొట్టకముందే ఇవ్వాళనే ఫోన్ చేయండి. ఆ లిస్టు ఇక్కడ పెడితే ఏ ఫోల్డర్ ఏ మూటల పోవాలెనో కలిసి చూద్దాం.